బొమ్మ చూడకుండా భావం చెప్పడం ఎలా?

రాజమండ్రిలో కాపురం ఉన్నవాడికి చుట్టాల వల్ల రెండు పనులు తప్పవు. ఒకటి పుష్కరాల రేవు చూపించడం, రెండు దామెర్ల రామారావు గారి చిత్రశాల చూపించడం. రేవు దగ్గర మనం నోరు విప్పక్కర్లేదు. గోదారి సంగతి గోదారే చెప్పుకుంటుంది. చిత్రశాలలోనే ఇబ్బందంతా. ఒకే చట్రంలో అంతమంది మనుషులు. సరిగ్గా అప్పుడే మా మరదలి కొడుకు చొక్కా పట్టుకు లాగుతాడు: "పెదనాన్నా, ఇక్కడేం జరుగుతోంది?"

జవాబు చెప్పాలంటే బొమ్మ చూడాలి. చూడాలంటే నిలబడాలి. నిలబడితే మోకాళ్ళ నొప్పి, పైపెచ్చు టిఫిన్ల వేళ దాటిపోతుంది. ఇంత బాధ ఎందుకు పడాలండీ?

ముప్పై ఏళ్ళుగా చిత్రకళ మీద ఉపన్యాసాలిస్తున్నాను నేను. కాకినాడ నుంచి నరసాపురం దాకా ఎవరు పిలిచినా కాదన్లేదు. ఒక్కసారి తప్పితే ఏ బొమ్మనూ నాలుగు సెకన్లు మించి చూసిన పాపాన పోలేదు. వచ్చిన శాలువాలు బీరువాలో పట్టక మా ఆవిడ ఆవకాయ జాడీలకు వాసెన కడుతోంది. ఈ విద్య నాతోనే పోకూడదని పది చిట్కాలు రాసి పెడుతున్నాను. వరస తప్పకుండా పాటించండి. గుంపు బొమ్మ ఏదైనా సరే, కథ ఏదైనా సరే, మీకు తిరుగుండదు.

1. బొమ్మకు వీపు పెట్టి నిలబడండి.

శాలువా కప్పేవాళ్ళు మీ ముందుంటారు, బొమ్మ వెనకుంటుంది. ఎటు తిరగాలో మళ్ళీ చెప్పాలా? అటు తిరిగారంటే కొంపలంటుకుంటాయి. గుంపు బొమ్మలో ప్రతి మనిషీ ఎటో ఒకవైపు చూస్తుంటాడు. వాళ్ళ చూపులకు దారాలు కట్టుకుంటూ పోతే అన్నీ వెళ్ళి ఒకచోట ముడిపడతాయి. ఆ ముడి దగ్గరే కథ ఉంటుంది. ముడిపడకుండా ఒక్క దారం విడిగా మిగిలిపోయిందా, అసలు సంగతి ఆ మనిషి దగ్గరుంటుంది. ఇదంతా చిన్నపిల్లలు కూడా పట్టెయ్యగలరు. వాళ్ళు పట్టేస్తే ఇక మిమ్మల్ని పిలిచేదెవరు? కాబట్టి బొమ్మకు అడ్డంగా నిలబడండి. కాస్త బొజ్జ ఉంటే మరీ మంచిది.

2. తలలు లెక్కపెట్టండి.

అంకె చెప్పగానే పండితుడు అనుకుంటారు. రాజా రవివర్మ 1889 ప్రాంతంలో మైసూరు మహారాజుకు వేసిచ్చిన గాయనీమణుల బొమ్మ ఉంది చూశారూ, అందులో పదకొండుమంది ఆడవాళ్ళు. ఒక్కొక్కరిదీ ఒక్కో ప్రాంతం, ఒక్కో కట్టు. "పదకొండు!" అని చెప్పి ఒక గుటక మంచినీళ్ళు తాగండి. తర్వాత "భిన్నత్వంలో ఏకత్వం" అనండి. చప్పట్లు అవే పడతాయి.

అంత దగ్గరదగ్గరగా కూచున్నా ఎవరి చూపు వాళ్ళదేననీ, పాటకచేరీ అన్న హుషారు ఆ ముఖాల్లో పెద్దగా లేదనీ, ఏకత్వం సంగతేమో గానీ ఒంటరితనం మాత్రం కనబడుతోందనీ ఎవరైనా గొణిగితే, "మీరు ఏ పేపరుకు రాస్తారు?" అని అడగండి. వాళ్ళే సర్దుకుంటారు.

3. పేరులో ఒక ముక్క పట్టుకుని ఈదెయ్యండి.

పూర్తి పేరు చదవకండి, నష్టం. రామారావు గారిది 'సిద్ధార్థ రాగోదయం' అని పేరుపడిన బొమ్మ ఉంది. అందులో 'రాగం' దొరికింది కదా, చాలు. "తెల్లవారుజామున కపిలవస్తులో సంగీత సభ. భూపాల రాగం. సిద్ధార్థుడు తాళం వేస్తున్నాడు" అని అందుకోండి. పక్కనున్న ఆడపిల్లలందరినీ గాయనులను చేసెయ్యండి. వాయిద్యాలేవీ అని అడిగితే, గాత్ర కచేరీ అనండి.

ఆయనదే 'ఋష్యశృంగ బంధనం' అని ఇంకొకటి. 'బంధనం' పట్టుకోండి. ఆయన బొమ్మలు వేసిన కాలం సహాయ నిరాకరణ కాలం. మన ఊళ్ళో సెంట్రల్ జైలు ఉండనే ఉంది. మునికుమారుణ్ణి సత్యాగ్రహిని చేసి లోపల వేయించండి. దేశభక్తి వచ్చిందంటే సభలో ఎవ్వరూ లేచి ప్రశ్న అడగరు.

4. కథ ముందూ వెనకా తెలుసుకోకండి.

తెలిస్తే ఏమవుతుందో నా అనుభవం వినండి. ఒకసారి పొరపాటున సిద్ధార్థుడి కథ చదివాను. శుద్ధోదన మహారాజుకు కొడుకు వాలకం చూసి బెంగ. పెళ్ళి మీద మనసు పుట్టించాలని ఒక ఏర్పాటు చేశాడు. ఊళ్ళో కన్యలంతా వరసగా రావాలి, రాకుమారుడు తలా ఒక కానుక ఇవ్వాలి, అతని కళ్ళు ఎక్కడ ఆగుతాయో మంత్రులు చాటుగా కనిపెట్టాలి. పిల్లలు వచ్చారు, తలెత్తి చూసే ధైర్యం లేక కానుక పుచ్చుకుని గబగబా వెళ్ళిపోయారు. అందరికన్నా చివర యశోధర వచ్చింది. అప్పటికి కానుకలు నిండుకున్నాయి. నాకేదీ అంది. అతను తన వేలి ఉంగరం తీసిచ్చాడని ఒక కథనం, మెళ్ళో హారం తీసి పెట్టాడని ఇంకొకటి. రాగోదయం అంటే అదన్నమాట, ప్రేమ మొలకెత్తిన ఘడియ.

ఇది తెలిశాక నా గతి ఏమయిందనుకున్నారు? బొమ్మ ముందుకెళితే రాకుమారుడికంటే ముందు కానుకల పళ్ళెం కోసం వెతకడం మొదలెట్టాను. నిండుగా ఉందా, ఖాళీ అయిందా? ఇది ఇవ్వకముందు ఘడియా, ఇచ్చాకనా? ముందే పుచ్చుకుని వెళ్ళిపోతున్న పిల్లల్లో ఎవరైనా వెనక్కి తిరిగి చూశారా? ఆ చూసినదాని మనసులో ఏముంది? చిత్రకారుడు పెద్ద కథలోంచి ఒక్క ఘడియే ఎందుకు కోసుకున్నాడు? ఇలా అరగంట పోయింది. బయట ఆటోవాడు వెయిటింగు చార్జీ వేశాడు. అప్పణ్ణుంచీ కథల జోలికి పోలేదు.

5. అమ్మమ్మను అడగకండి.

కథ బొమ్మల విషయంలో మనకు అసలు పోటీ విమర్శకులతో రాదు, అమ్మమ్మలతోనే. మా ఇంటి చావడిలో శ్రీరామ పట్టాభిషేకం పటం ఉండేది. మా అమ్మమ్మ ప్రతి శుక్రవారం తడిగుడ్డతో అద్దం తుడుస్తూ నన్ను పక్కన నిలబెట్టుకునేది. "అందరూ రాముణ్ణి చూస్తన్నారు, రాముడు మనల్ని చూస్తన్నాడు, గమనించావా?" అనేది. తర్వాత గుడ్డ కొస గొడుగు పట్టుకున్న భరతుడి మీద ఆగేది. "పద్నాలుగేళ్ళు ఈ సింహాసనం మీద పాదుకలు పెట్టుకుని కాపలా కాశాడ్రా పిచ్చినాయన. ఇవాళ దిగింది బరువు. ఆ చెయ్యి చూడు, గొడుగు పట్టుకున్నట్టుందా? ఊపిరి పీల్చుకున్నట్టుంది." కింద మోకాలు మీద కూచున్న హనుమ దగ్గరికొచ్చేసరికి గొంతు మారేది. "అందరికీ పని ఉంది, గొడుగో వింజామరో. వీడికి పని అయిపోయింది. అదీ వీడి దిగులు."

ఏం లాభమండీ? ఆవిడకి జన్మలో ఒక్క శాలువా రాలేదు. బొమ్మను అంత దగ్గరగా చూసేవాళ్ళ బతుకు తడిగుడ్డల్తోనే తెల్లారిపోతుంది.

6. రసం పోసెయ్యండి.

బొమ్మకు రసం ఏదని అడుగుతారు. ఈ పట్టిక జేబులో పెట్టుకోండి. ఆడవాళ్ళుంటే శృంగారం. గడ్డం ఉంటే శాంతం. కత్తి ఉంటే వీరం. ఎరుపెక్కువైతే రౌద్రం. ఏదీ తోచకపోతే మళ్ళీ శాంతమే. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పినవి ఎనిమిది రసాలేననీ శాంతం తర్వాత వచ్చి చేరిందనీ అంటారు. మనలాంటివాళ్ళ కోసమే చేర్చి ఉంటారు.

ఒక బొమ్మకు ఒకటే రసం, రెండోది ఇవ్వకండి. లేకపోతే ఆ ఋష్యశృంగుడి దగ్గరే చిక్కుకుపోతారు. అంగదేశంలో వానల్లేవు. ఆ కుర్రవాడు అడుగుపెడితే వాన కురుస్తుందని రోమపాద మహారాజు వేశ్యల్ని పంపాడు. పుట్టాక ఆడదాని ముఖం ఎరగని పిల్లవాడు వాళ్ళనూ మునికుమారులే అనుకుని మురిసిపోయాడు. వాళ్ళేమో పైకి నవ్వుతున్నారు గానీ, తండ్రి విభాండకుడు వచ్చి శపిస్తాడేమోనని లోపల గుండెలు దడదడ. చిక్కినవాడు సంబరంగా ఉన్నాడు, చిక్కించుకున్నవాళ్ళు బిక్కుబిక్కుమంటున్నారు. దీనికి ఏ రసమని చెబుతారు? పెదాల మీద ఒకటి, కాళ్ళలో ఒకటి! కథలు కట్టేవాళ్ళకు బొత్తిగా పద్ధతి లేదు. ఆడవాళ్ళున్నారు కాబట్టి శృంగారం అనేసి పక్క బొమ్మకు నడవండి.

7. ఒకే మనిషి రెండుసార్లు కనబడితే ఇద్దరనండి.

అమరావతి స్తూపానిది గుండ్రటి శిల్పం ఒకటి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. రాతి బొమ్మే గానీ కిక్కిరిసిన గుంపు. ఎడమవైపు ద్వారం దగ్గర ఏనుగు రెచ్చిపోయి మనుషుల్ని తొక్కేస్తోంది, జనం చెల్లాచెదురు, భయంతో మగవాణ్ణి కరుచుకుపోయిన ఆడమనిషి. కుడివైపు ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగిచూస్తున్నారు.

మీరు వెంటనే "రెండు ఏనుగులు. ఒకటి చెడ్డది, ఒకటి మంచిది. దుష్టశిక్షణ, శిష్టరక్షణ" అనండి. అది ఒకటే ఏనుగనీ, దేవదత్తుడు కల్లు తాగించి వదిలిన నాళాగిరి అనీ, ఎడమ నుంచి కుడికి వచ్చేలోపు దాని మనసు మారిందనీ, ఆ మారడమే బొమ్మ అనీ ఒప్పుకోకండి. ఒప్పుకుంటే చూసేవాడి కన్ను కూడా ఆ నాలుగడుగులూ నడవాలి. కిటికీలో జనానికి భయం తగ్గి ఆశ్చర్యం ఎక్కడ మొదలయిందో వెతకాలి. మనకు నడక పడదు కదా.

8. నడుమ ఉన్నవాణ్ణి పట్టుకోండి, మూలనున్నవాళ్ళను వదిలెయ్యండి.

నడుమ ఉన్నవాడు నాయకుడు, మిగతావాళ్ళు జనాభా. కోనసీమలో చాలా క్రైస్తవ ఇళ్ళలో భోజనాల బల్ల పైన 'కడరాత్రి భోజనం' పటం ఉంటుంది. లియొనార్డో 1495 నుంచి 1498 దాకా మిలాన్‌లో ఒక మఠం భోజనశాల గోడ మీద వేసిందానికి నకలు. అందులో చూడ్డానికి ఒకటే ఉంది, నడుమ ప్రభువు. చెప్పడానికి ఒకటే ఉంది, విందు.

"మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడు" అని ఆయన అన్న మాట చెవిన పడగానే పన్నెండుమందీ ముగ్గురేసి చొప్పున ఎలా కుదుపుకు లోనయ్యారో చూడకండి. ఎవరైనా చూపిస్తే ఇలా తేల్చెయ్యండి. యూదా చేతిలో సంచీ ఉందంటారా? సంఘం కోశాధికారి, లెక్కలు చూసుకుంటున్నాడు. పేతురు వెనక్కి పట్టుకున్న కత్తి? రొట్టె కోయడానికి. తోమా వేలెత్తాడా? ఇంకో ముద్ద వడ్డించమంటున్నాడు. పాత నకళ్ళలో యూదా మోచేతి దగ్గర ఉప్పు ఒలికిపోయి ఉంటుంది. దానికీ జవాబుంది: కూరలో ఉప్పు ఎక్కువైంది, గొడవంతా అందుకే. చూశారా, ద్రోహం అన్న మాటే ఎత్తకుండా భోజనం ముగించాం.

9. చిత్రకారుడి చావును అన్ని బొమ్మలకూ పులమండి.

రామారావు గారు 1897లో రాజమండ్రిలో పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర చెయ్యి చూసి మెచ్చి ప్రోత్సహించాడు. అడివి బాపిరాజు గారు కూడా ఆ దొర శిష్యులే. బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చి ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచి సోకి పోయారు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. వరదా వెంకటరత్నం గారూ, భార్య సత్యవాణి గారూ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారూ ఆ పనిని పడిపోకుండా నిలబెట్టారు.

ఇందులో మనకు పనికొచ్చే ముక్క మశూచి ఒక్కటే. ప్రతి బొమ్మలోనూ "మృత్యుఛాయ" చూపించండి. పూలు తురుముకుంటున్న ఆడపిల్లలు కనబడ్డారా, "రాలిపోయే పూలు" అని గొంతు జీరబోనివ్వండి. గోదారి కనబడిందా, "అస్థికలు" అనండి. కుర్రవాడు బతికున్నంతకాలం ఇష్టంగా, కులాసాగా, రంగు మీద రంగు నింపుకుంటూ వేశాడని బొమ్మలే చెబుతుంటే వినబడనట్టు ఉండండి. ప్రేమ మొలకెత్తిన ఘడియను కూడా ఏడుపు చెయ్యగలిగితే మీరు మా బళ్ళో పాసయినట్టే.

10. ప్రశ్న వస్తే సాకు సిద్ధంగా ఉంచుకోండి.

ఇవి వరసగా వాడండి. మొదటి ప్రశ్నకు: "వెలుతురు చాలట్లేదండీ." రెండోదానికి: "కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది." మూడోదానికి: "అజంతా సంప్రదాయం." ఇది సర్వరోగనివారిణి, ఎక్కడైనా చెల్లుతుంది. నాలుగోదానికి: "మా గురువుగారు వివరంగా చెప్పేవారు, పాపం పోయారు." అయిదోదాకా వస్తే: "అది ప్రేక్షకుడి అనుభూతికే వదిలెయ్యాలి." ఇంకా ఆగకపోతే వాచీ చూసుకుని రైలుందనండి. రాజమండ్రిలో ఏ క్షణాన్నయినా ఏదో ఒక రైలు ఉంటుంది.

ఒక్క జాతికి మాత్రం సాకులు పనిచెయ్యవు, పిల్లలకి. పోయిన ఏడాది ఒక సభలో ముందు వరసలో రెండు జడలమ్మాయి లేచి, "తాతగారూ, ఆ చివరావిడ మిగతావాళ్ళలాగ లేదేంటండీ?" అని అడిగింది. ఏ చివరావిడో నాకేం తెలుసు? నేను వెనక్కి తిరగందే! "కూచో అమ్మా, పెద్దయ్యాక తెలుస్తుంది" అన్నాను. కూచుంది. ఇదీ నికార్సయిన పద్ధతి.

ఇన్నీ పాటిస్తే ఫలితం ఏమిటంటారా? కళ్ళారా చూడండి. ఆ సభలోనే నాకు సన్మానం జరిగింది. పెద్ద ఫోటో తీయించారు. చట్రం కట్టించి చావడిలో తగిలించాను. కొత్త మేకు కొట్టడం ఎందుకని పట్టాభిషేకం పటం దింపి అటక మీద పెట్టి, ఆ మేకుకే తగిలించాను.

గుంపు బొమ్మ అంటే ఇలా ఉండాలి. తొమ్మిదిమందిమి. నడుమ నేను, మెడలో దండ, భుజాన శాలువా, చెయ్యి గాలిలో. నా కుడిపక్కన అధ్యక్షులవారు వాచీ మీద చూపు నిలిపారు, కాలాతీతమైన నా మాటలకు చలించిపోయి. కార్యదర్శి గారు గుమ్మంవైపు చూస్తున్నారు, అక్కడ పులిహోర పొట్లాల బుట్ట దించుతున్నారు. నా ప్రసంగం సుభిక్షాన్ని స్ఫురింపజేసిందని అర్థం. ముగ్గురు తలలు వంచి ఒళ్ళో ఫోన్లలోకి చూస్తున్నారు, వినయం. శాలువా కప్పినాయన నోరు బాగా తెరుచుకుని ఉంది, ఆశ్చర్యం. వెనక కుర్చీలో ఒకాయన కళ్ళు మూసుకున్నాడు, సమాధి. తొమ్మిదో మనిషి ఆ రెండు జడలమ్మాయి, ఫోటోలోకి ఎలా వచ్చిందో మరి. మా అందరికీ వీపు పెట్టి, మడమలెత్తి, గోడమీది బొమ్మలోకి చూస్తోంది. ఒక వేలు గాలిలో లేచి ఉంది, దేన్నో లెక్కపెడుతున్నట్టు. ఆ ఒక్కటీ ఫోటో పాడుచేసింది. కత్తిరించమంటే స్టూడియో కుర్రాడు కుదరదన్నాడు.

మొన్న మా మరదలి కొడుకు మళ్ళీ వచ్చాడు. ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒక్కొక్క ముఖం దగ్గరా ఆగి, వాళ్ళు ఎటు చూస్తున్నారో అటు వేలుతో గీత గీసుకుంటూ పోయాడు. ఆఖర్న నా చొక్కా పట్టుకు లాగాడు.

"పెదనాన్నా, నిన్నెవరూ చూడట్లేదేం?"

"శాంత రసం బాబూ," అన్నాను.